తలాపున పెట్టిన గిన్నె

"గిన్నెలో ఏం పెట్టావు?"

"అన్నం సార్."

కుడో మినోరు వెంటనే చెప్పాడు. అంత వెంటనే చెప్పడమే నన్ను ఆపింది.

అంతకుముందు నేనడిగిన ప్రతి ప్రశ్నకీ అతను బల్ల మీది గీతలకేసి కాసేపు చూసి, తన లోపలికి దిగి వెతుక్కుని, దొరికిందేదో తెచ్చి నా ముందు పెట్టాడు. ముసలావిడ ఎటు తిరిగి ఉంది? వెతుక్కున్నాడు. దీపం వెలుగుతోందా? వెతుక్కున్నాడు. కొట్టడానికి ఇనప కెటిల్ ఒంటి చేత్తో ఎత్తావా, రెండు చేతులతోనా? చాలాసేపు వెతికి, "ఎలా ఎత్తితే సరిపోతుంది సార్?" అన్నాడు. అందులో వెటకారం లేదు. గిన్నె దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్ళతో చూసినవాడిలా చెప్పాడు.

"కొంచెమా, నిండుగానా?"

"కుప్పగా సార్. తెల్లగా, కొండలాగ. మధ్యలో రెండు పుల్లలు నిలబెట్టాను. చచ్చిపోయినవాళ్ళ తలాపున పెడతాం కదా, అలాగ."

ఆ ముసలావిడ, హయాసే తోమి, శవం తలాపున ఒక అన్నం గిన్నె దొరికిన మాట నిజం. అందులో తినే పుల్లలు రెండు నిలబెట్టి ఉన్న మాటా నిజం. కానీ గిన్నెలో ఉన్నది అన్నం కాదు. బూడిద.

ఆ సంగతి నేను అతనికి చెప్పలేదు. పత్రికలకీ తెలియదు. 'గిన్నె' అని మాత్రమే రాశారు. గిన్నె అంటేనే వాళ్ళకి చాలు. ఎందుకంటే, హత్యకి ముందురోజు బజార్లోకి వచ్చిన వారపత్రికలో, 'ఎవరి అన్నం' అనే మాంగాలో, పేదవాడిగా పుట్టి డబ్బు కోసం చంపడం నేర్చుకున్న తోకిచి అనే కుర్రాడు ఒక డబ్బున్న ముసలమ్మని వెనకనుంచి కొట్టి చంపి, ఆవిడ తలాపున గిన్నె పెడతాడు. ఆ బొమ్మల కథ మీద ఏడాదిగా గొడవ జరుగుతూనే ఉంది. తల్లుల సంఘాలు రైల్వే స్టేషన్ల ముందు నిలబడి సంతకాలు పోగుచేస్తున్నాయి. పిల్లలకి అమ్మకూడని పుస్తకాల్లో దాన్ని చేర్చిన జిల్లాలు కూడా ఉన్నాయి. ఇప్పుడు వాళ్ళందరికీ రుజువు దొరికింది. తోమి ఇంట్లో మేడ మీద అద్దెకుండే మినోరు గదిలో ఆ పత్రిక, ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది. ఒకవైపు బొమ్మ, ఇంకోవైపు ఆ ఇంటి ఫొటో వేసి పత్రికలు అమ్ముకున్నాయి.

మినోరు ఉత్తరాన అవొమోరి నుంచి, బడి అయిపోగానే పట్నం ఫ్యాక్టరీలకి రైలెక్కించి పంపిన పిల్లల్లో ఒకడు. లేత్ మెషిను మీద పని. వయసు పంతొమ్మిది. ఉరి వెయ్యడానికి చాలిన వయసే. ఆ సాయంత్రం అయిదింటికి అతన్ని ప్రాసిక్యూటర్‌కి అప్పగించాలి. అప్పగించిన తర్వాత ఒప్పుకున్న నేరాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నేను చూశాను.

"నువ్వు నిజంగా చేశావా?" అన్నాను.

ఈసారి వెతుక్కోలేదు. నా వంక చూశాడు.

"మెట్లెక్కిన ప్రతిసారీ అనుకున్నాను సార్. ఆవిడ నా గదిలో బల్బు తీసేసింది, చదివితే కరెంటు ఖర్చని. అమ్మ పంపిన యాపిల్ బుట్ట నా కళ్ళ ముందే పక్కింటావిడకి ఇచ్చి మర్యాద కొట్టేసింది. అప్పుడు అనుకున్నాను. స్నానానికి వెళ్తూ అనుకున్నాను, వస్తూ అనుకున్నాను. అన్నిసార్లు అనుకున్నవాడు చెయ్యకుండా ఎలా ఉంటాడని పైనుంచి వచ్చిన మివా సార్ అడిగారు."

"నువ్వేమన్నావు?"

"జవాబు తెలీలేదు సార్. మీకు తెలుసా?"

నాకూ తెలియదు. ఒంటరిగా బతికే మనిషిని. సాయంత్రాలు గదిలో కూర్చుని నేను ఏమేం అనుకుంటానో ఎవరైనా వరసగా రాస్తే, ఈ బల్లకి అవతలి పక్కన కూర్చోవలసినవాణ్ణి. అనుకోవడానికీ చెయ్యడానికీ మధ్య గోడ ఉందని అందరూ నమ్ముతారు. మూడు రోజులు నిద్ర లేకుండా ప్రశ్నలు వేస్తే ఆ గోడ ఎంత పల్చనో తెలుస్తుంది.

నేను లేచాను. మినోరు గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ వారం పుస్తకం వచ్చిందా సార్? తోకిచి పట్టుబడ్డాడా?"

"ఎల్లుండి వస్తుంది."

"చదివి చెప్తారా?"

"నువ్వే చదువుకుందువు గాని," అన్నాను. అలాంటి మాటలు ఇవ్వకూడదని తెలిసీ.

*

తోమి ఇంటి గుమ్మంలో మివా ఫొటోగ్రాఫర్లని బయటికి సాగనంపుతున్నాడు. రాజధాని పోలీసు కేంద్రం నుంచి వచ్చిన అధికారి. నాకన్నా పదేళ్ళు చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. మేము పేట స్టేషన్ వాళ్ళం, వాళ్ళకి దారి చూపించాలి, టీ తెప్పించాలి, నోరు మూసుకోవాలి.

"రండి తోకురా గారూ. ఇల్లు ఊడవడానికి వచ్చారా?"

"చూడ్డానికి."

"మా వాళ్ళు మూడు రోజులుగా చూస్తున్నారు. మీ పేట కళ్ళకి ఇంకేమైనా కనిపిస్తే చెప్పండి, మ్యూజియంలో పెడదాం."

నేను చెప్పులు విడిచి నేరుగా వంటగదిలోకి వెళ్ళాను. అలమరలో గిన్నెలు బోర్లించి ఉన్నాయి. వరసలో ఒకటి లేని చోటు తెలుస్తోంది. దాని పక్కనే కరెంటు కుక్కర్. మూత తీశాను. అందులో సగం పైగా అన్నం, ఎండి, పైన పసుపు తిరిగింది. గరిటె లోపలే ఉంది. ముసలావిడ పడిన చోటు, అవతలి గది చాప మీద, ఇక్కణ్ణించి చెయ్యి చాపితే అందేంత దగ్గర.

"మివా గారూ, ఇలా రండి. గిన్నె ఇక్కడిది. అన్నం ఇక్కడ ఉంది. గిన్నె చేతిలోకి తీసుకున్న మనిషి మూత ఎత్తి రెండు గరిటెలు వేసుకోకుండా బూడిద ఎందుకు నింపాడు?"

"కంగారులో చేతికి దొరికింది వేశాడు."

"చేతికి దొరికేది అన్నం. బూడిదే దొరకదు. ఈ ఇంట్లో కుంపటి లేదు. గ్యాసు పొయ్యి, కరెంటు హీటరు. బూడిద కావాలంటే వెతకాలి."

అతను వాచీ చూసుకున్నాడు. నేను లోపలి గదిలోకి వెళ్ళాను. గోడవారన పూజ అలమర, అందులో తోమి భర్త ఫొటో. ఫొటో ముందు చిన్న కంచు గిన్నెలో చనిపోయినాయనకి పెట్టిన పిడికెడు అన్నం రాయిలా గట్టిపడి ఉంది. దాని పక్కన అగరొత్తులు గుచ్చే పాత్ర. ఖాళీ. లోపలి అంచు చుట్టూ వేళ్ళతో గీరి తీసిన జాడ.

"శవం తలాపున గిన్నెలో బూడిద చూసినప్పుడు సన్నటి ఆకుపచ్చ ముక్కలు కనిపించాయి," అన్నాను. "అవేమిటో అప్పుడు తట్టలేదు. కాలకుండా మిగిలిన అగరొత్తుల మొదళ్ళు. ఆవిణ్ణి చంపిన మనిషి ఈ గదిలోకి వచ్చి, ఇక్కడ కూర్చుని, దీన్నంతా గిన్నెలోకి ఒంపుకున్నాడు. అన్నం వద్దనుకుని, బూడిదే కావాలనుకుని. మినోరు ఇందాక నాతో ఏమన్నాడో తెలుసా? గిన్నెలో అన్నం పెట్టానన్నాడు. తెల్లగా, కొండలా."

మివా సిగరెట్ తీశాడు గాని వెలిగించలేదు.

"ఎవరు విన్నారు?"

"నేను."

"రాసుకున్నారా?"

"లేదు."

"అయితే ఎవరూ వినలేదు."

"అతను చెప్పింది పత్రికలో అచ్చయిన బొమ్మ మివా గారూ! ఆ బొమ్మలో ఉన్నది అన్నం. ఇక్కడ జరిగింది అతనికి తెలియదు."

"తోకురా గారూ, మీకు మనుషుల లోపల ఏముందో చూడ్డం సరదా. ఒక్కరే ఉంటారు కదా, పొద్దుపోవాలి. నాకు బయట ఏం జరిగిందన్నదే పని. వాడికి పగ ఉంది. వాడు ఒప్పుకున్నాడు, సంతకం పెట్టాడు. వాంగ్మూలంలో గిన్నె అని ఉంది గాని, అందులో ఏముందని ఎవరూ రాయలేదు."

"మీరు అడగలేదు."

"అవును," అన్నాడు. ఆలోచిస్తూ అన్నాడు. తర్వాత ఇంచుమించు స్నేహంగా నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ అగరొత్తుల సంగతి బాగా పట్టుకున్నారు. నిజంగా."

అతని కారు వెళ్ళిపోయిన తర్వాత నేను ఆ పాత్ర ముందు కొంచెంసేపు కూర్చున్నాను. నాలో ఏదో చిన్న సంతోషం కదిలింది. చాలా ఏళ్ళుగా పైవాళ్ళెవరూ నన్ను మెచ్చుకోలేదు. ఆ సంతోషం వల్లే అప్పుడు అతని ముఖం సరిగ్గా చూడలేదని ఇప్పుడనిపిస్తుంది.

*

'ఎవరి అన్నం' గీసే హిరానుమా ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గేటు మీద ఎవరో ఎర్రరంగుతో 'హంతకుడు' అని రాశారు. చెరిపినా అక్షరాలు తెలుస్తున్నాయి. తలుపు తీసిన స్త్రీకి ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. ఏప్రన్, తడి చేతులు.

"రాళ్ళు వేసేవాళ్ళు పొద్దున్నే వచ్చి వెళ్ళారు," అంది. "మీరు?"

పోలీసునని చెప్పాను. ఆమె పేరు ఫుసాయే, హిరానుమాకి అక్క. ఇంటికి వండి పెట్టేది, బట్టలుతికేది, గేటు కడిగేది ఆమే. నడవలో ఒకాయన కోటు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. మేము ఆయన్ని దాటుకుని వెళ్ళాం.

"సంపాదకుడు," అంది. "పేజీలు చేతికిచ్చేదాకా కదలడు. కాళ్ళు తొక్కినా లేవడు."

లోపలి గదిలో సహాయకులు బల్లల మీద వంగి సిరా నింపుతున్నారు. హిరానుమా కిటికీ దగ్గర కూర్చున్నాడు. ముప్ఫై కూడా నిండని మనిషి, కళ్ళ కింద ముసలితనం.

"తల్లుల సంఘం పంపిందా, పోలీసు శాఖ పంపిందా?" అన్నాడు కలం ఆపకుండా.

"కుతూహలం పంపింది."

అతను తల ఎత్తాడు. ఆ మాట అతనికి నచ్చినట్టుంది.

"అయితే ఒకటి చెప్తాను వినండి. పేదరికం గీస్తే ఈ దేశంలో ఎవరికీ కోపం రాదు. కన్నీళ్ళు కారుస్తారు, బహుమతి కూడా ఇస్తారు. ఆ పేదవాడికి డబ్బు మీద ఆశ పుట్టిందని గీయండి, అప్పుడు గేటు మీద రంగు పడుతుంది."

"ముసలావిడ చనిపోయే పేజీ చూడొచ్చా? అచ్చయింది కాదు, మీరు గీసింది."

కలం ఆగింది. కొంచెం మాత్రమే. సొరుగులోంచి మందపాటి కాగితం తీసి ఇచ్చాడు.

అచ్చులో చూసినదే. శవం, చాప, తలాపున గిన్నె, కుప్పగా అన్నం. కానీ చేతిలో ఉన్న కాగితం అచ్చు కాగితంలా చదునుగా లేదు. గిన్నె మీద వేలికి గరుకు తగిలింది. అక్కడ తెల్లరంగు పూసి ఉంది. మాంగా గీసేవాళ్ళు తప్పులు కప్పడానికి వాడేదే. కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నాను. తెల్లరంగు కింది సిరా బయటపడింది. వేల చుక్కలు, ఒకదాని మీద ఒకటి, నల్లగా. ఆ ఒత్తైన చుక్కల్లోంచి రెండు పుల్లలు లేచి ఉన్నాయి.

అది అన్నం కాదు.

"ఎవరు మార్చమన్నారు?"

"నేనే," అన్నది నడవలోంచి వచ్చిన గొంతు. సంపాదకుడు లేచి కూర్చుని కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. "అంటే, మా పైవాళ్ళు. చావింట్లో పెట్టే అన్నాన్నే వెక్కిరించారని తల్లులు గోలపెడతారు, బూడిదంటే ఇంక బతకనివ్వరు అన్నారు. హిరానుమా మాస్టారు ఒప్పుకున్నారు. రంగు పూస్తే బూడిద అన్నమైపోతుంది, మళ్ళీ గీయక్కర్లేదు. ఆ మూలనున్న అబ్బాయి పూశాడు."

"పూయకముందు ఎవరెవరు చూశారు?"

"మాస్టారు, నేను, ఆ అబ్బాయి. అంతే."

"హత్య జరిగిన శుక్రవారం సాయంత్రం?"

"నేనూ ఈ అబ్బాయీ ప్రెస్సులో ఉన్నాం, రాత్రిదాకా. అక్కడ ఎవరినైనా అడగండి."

నేను హిరానుమా వైపు తిరిగాను. అతను కలం కడుగుతున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న కలాన్ని.

"మీరు?"

"పేటలో అందరూ వెళ్ళే స్నానశాలకి వెళ్ళాను. తర్వాత నడిచాను. ఒక్కణ్ణే."

"గిన్నెలో బూడిద పెట్టాలని ఎలా తట్టింది మాస్టారూ?"

"ఊహ."

"తోమి గారి తలాపున గిన్నెలో ఉన్నది కూడా బూడిదే."

సహాయకుల కలాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. సంపాదకుడు నోరు తెరిచాడు. హిరానుమా మాత్రం ఆశ్చర్యపోలేదు. నాలుగు రోజులుగా భయపడుతున్న మాట చివరికి ఎవరో బయటికి అన్నట్టు, కొంచెం తేలికపడినట్టు కూడా, ఊపిరి వదిలాడు. అతని చూపు నా భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళి వెంటనే వెనక్కి వచ్చింది.

"నేనే చంపాను," అన్నాడు. "ఆ కుర్రాణ్ణి వదిలెయ్యండి."

"బూడిద ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి, ఆ ఇంట్లోదే. కుంపట్లోంచి తీశాను."

"ఆ ఇంట్లో కుంపటెక్కడుందిరా?"

గుమ్మంలో ఫుసాయే టీ పళ్ళెంతో నిలబడి ఉంది. చిన్నప్పుడు తమ్ముడు అబద్ధమాడితే ఎలా అడిగేదో అలాగే అడిగింది. కోపం కూడా లేదు.

"అక్కా, నువ్వు వంటింట్లోకి వెళ్ళు."

"దేవుడి దగ్గర అగరొత్తుల పాత్ర ఉంది. అందులోది," అంది. పళ్ళెం కింద పెట్టి, కప్పులు ఒక్కొక్కటే అందరి ముందూ ఉంచింది. నా ముందు కూడా. "వీడు పనివాడే గాని అబద్ధాలకి పనికిరాడు సార్."

*

ఆమె చెప్పింది వినడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకుని అరగదీసిన మాటల్లా ఉన్నాయి.

యుద్ధం అయిపోయిన చలికాలం. ఆమెకి పదకొండు, తమ్ముడికి నాలుగు. తల్లి మంచం పట్టింది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మంచి కిమోనో మూటగట్టుకుని ఫుసాయే పల్లెకి నడిచి వెళ్ళింది, బియ్యానికి మార్చుకోవడానికి. ఒక రైతింటి కోడలు కిమోనో విప్పి వెలుతురులో చూసి, బాగుంది, బియ్యం రేపు వచ్చి తీసుకెళ్ళు అంది. మర్నాడు వెళ్తే తలుపు సగమే తీసింది.

"'ఎవరమ్మా నువ్వు?' అంది. అంతే సార్. తిట్టలేదు, కొట్టలేదు. మా అమ్మ ఆ రాత్రే పోయింది. తలాపున పెట్టడానికి గింజ లేదు. నేను పొయ్యిలో బూడిద గిన్నెలో నింపి పుల్లలు గుచ్చాను. దూరం నుంచి చూస్తే అన్నంలా ఉంటుందని. వీడు నా పక్కనే ఉన్నాడు. వీడికి గుర్తు లేదు. నేను చెప్తే గీశాడు."

"తోమి గారే ఆవిడని ఎలా తెలిసింది?"

"ఎండాకాలంలో స్నానశాలలో ఎవరికో అదే గొంతుతో అంది, 'ఎవరమ్మా నువ్వు?' అని. వెంటపడి ఇల్లు చూసుకున్నాను. ఏం చెయ్యాలనీ లేదు. ఇల్లు తెలిస్తే చాలనిపించింది. తర్వాత పత్రిక వచ్చింది." మొదటిసారి ఆమె తమ్ముడి వైపు చూసింది. "తెరిచి చూస్తే, మా అమ్మ గిన్నెలో తెల్లటి అన్నం. లక్షల మంది చూస్తారు. ఆ రోజు మాకు అన్నం దొరికిందనుకుంటారు. ఆ రాత్రి పడుకోలేకపోయాను. కనీసం ఆవిడైనా నిజం ఒప్పుకోవాలని మర్నాడు వెళ్ళాను."

"ఏమంది?"

"నేను చెప్పిందంతా విన్నది. పొయ్యి మీంచి కెటిల్ దింపుకుంటూ, వెనక్కి తిరక్కుండానే, అదే మాట అంది."

హిరానుమా రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఫుసాయే ఏప్రన్ విప్పి మడతపెట్టింది.

"నన్ను తీసుకెళ్ళండి సార్. ఆ అబ్బాయి నాకు మెట్ల దగ్గర ఎదురయ్యాడు. నమస్కారం పెట్టి పక్కకి తప్పుకున్నాడు. వాడికి శిక్ష పడితే నేను ఇంకొకరి అన్నం లాక్కున్నట్టే."

అయిదు కావడానికి ఇంకా టైముంది. నడవలోని ఫోను తీసి స్టేషన్‌కి చేసి మివా గదికి కలపమన్నాను. ఫుసాయే నా పక్కకి వచ్చి నిలబడింది, రావడానికి సిద్ధంగా, చేతిలో చిన్న మూటతో.

"మివా గారూ, మినోరుని పంపొద్దు. చేసిన మనిషి నా పక్కనే ఉంది. ఒప్పుకుంది. బూడిద సంగతి, అగరొత్తుల పాత్ర సంగతి, అన్నీ తనంతట తనే చెప్పింది."

"అలాగా," అన్నాడు మివా. ఎక్కడా తొందర లేదు. "మినోరు కూడా చెప్పాడు. ఇందాకే వాంగ్మూలం సరిచేశాం. పూజ అలమరలో పాత్రలోంచి బూడిద ఒంపి గిన్నెలో నింపానన్నాడు. అగరొత్తుల మొదళ్ళ దాకా చెప్పాడు. మళ్ళీ సంతకం పెట్టాడు."

మినోరు ఆ మాటలు ఎలా వెతుక్కుని ఉంటాడో నాకు కళ్ళకి కట్టింది. వెతుక్కోవడానికి అతని లోపల ఏమీ లేదు. మివా అందించాడు. మివాకి నేను అందించాను.

"అది మీకు చెప్పింది నేను!"

"మరి ఆవిడకి ఎవరు చెప్పారు తోకురా గారూ? మాంగా వాళ్ళింటికి వెళ్ళి బూడిద మాట అందరి ముందూ ఎత్తి ఉంటారు. ఎత్తలేదా?"

నేను రిసీవర్‌ని రెండో చెవికి మార్చుకున్నాను.

"చూశారా. పేరున్న తమ్ముడి మీద నింద పోగొట్టడానికి ఒక అక్క అబద్ధం చెప్తోంది, మీరు అందించిన మాటలతో. కోర్టు అదే అంటుంది. ఆవిణ్ణి ఇంటి పని చూసుకోమనండి."

రిసీవర్ చెవి నుంచి దించి ఫుసాయే వైపు తిరిగాను. నా ముఖం చూసి ఆమెకి చాలావరకు అర్థమైంది.

"నమ్మరా?"

"నమ్మించాలి. ఫుసాయే గారూ, ఆలోచించి చెప్పండి. నాకు కూడా తెలియనిది, నేను ఎవరికీ చెప్పి ఉండలేనిది ఒక్కటి కావాలి. చేత్తో పట్టుకుని చూపించగలిగేది."

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు.

"పుల్లలు," అంది. "అవి ఆ ఇంటివి కావు. మా అమ్మవి. ఆవిడకి చూపిద్దామని వెంట తీసుకెళ్ళాను. తిండి లేని ఆ రోజుల్లో వీడు వాటిని నోట్లో పెట్టుకుని కొరుకుతూ కూర్చునేవాడు, సోయా వాసన మిగిలి ఉండేదని. కొసలకి పాలపళ్ళ గాట్లు ఉంటాయి. బూడిదలోకి గుచ్చిన వైపు. అందుకే ఎవరికీ కనిపించి ఉండవు."

లోపలి గదిలోంచి హిరానుమా గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. తనకి గుర్తులేని ఆకలి గురించి వింటూ, తెలియకుండానే పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

ఆ పుల్లలు ఉన్నాయి. శవం దగ్గర తీసినవి తీసినట్టే సంచిలో వేసి సీలు వేశారు. కొసలు ఎవరూ తుడిచి చూడలేదు. చూడాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. సంచి మా స్టేషన్లోనే ఉంది, మేడ మీద, మివాకి ఇచ్చిన గదిలో, అతని బల్ల వెనకున్న అలమరలో. ఇప్పుడే బయల్దేరితే...

అప్పుడు నా చేతికేసి చూసుకున్నాను.

రిసీవర్ ఇంకా పెట్టలేదు. అది మా ఇద్దరి మధ్య, ఆమె నోటికి జానెడు దూరంలో ఉంది. నెమ్మదిగా చెవికి ఆనించుకున్నాను. లైను తెగలేదు. అవతల ఎవరూ మాట్లాడటం లేదు.

కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది.